ఆయన పెట్టిన పేరు

పుట్టినప్పుడు మా నానమ్మ నాకొక పేరు పెట్టింది. ఆ పేరుతోనే సంగారెడ్డిలో బడికి వెళ్లాను, డిగ్రీ చదివాను, ఆ తర్వాత బొల్లారంలో ఒక మందుల కంపెనీ గేటు పక్కనున్న ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. అది ముస్లిం పేరు. అక్కడ దానితో ఎవరికీ ఇబ్బంది రాలేదు. షిఫ్టు బస్సు దిగే బీహారు వాళ్లు, ఒడిశా వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే రైతుల పిల్లలు, అందరూ ఆ పేరు పక్కన మేడమ్ అని చేర్చి పిలిచేవాళ్లు. ఆ కంపెనీ తన ఆఫీసును వేరేచోటికి మార్చేసరికి నేను పని వెతుక్కోవలసి వచ్చింది. వెతుకుతూ వెతుకుతూ కొల్లూరు దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఫ్లాట్లు అమ్మే ఆఫీసుకు వెళ్లాను. అక్కడ నా పేరు తీసేశారు.

తీసేశారు అనే అంటాను. పేరు మార్చుకున్నావట కదా అని తర్వాత చాలామంది అడిగారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మార్చుకోవడం వేరు.

ఆ ఆఫీసు యజమాని నలభై దాటిన మనిషి. ఆడవాళ్లతో మర్యాదగా మాట్లాడేవాడు. మా నాన్న గురించి అడిగాడు. సర్కారు బడిలో తెలుగు పండితుడిగా రిటైరయ్యారని చెప్పాను.

"ముస్లింలల్ల తెలుగు సారా?" అని కాసేపు నన్నే చూశాడు. తర్వాత ఒక రంగుల కాగితం ఇచ్చి గట్టిగా చదవమన్నాడు. క్లబ్ హౌస్, పిల్లల పార్కు, ఇరవై నాలుగు గంటల నీళ్లు అంటూ ఏదో రాసి ఉంది. చదివాను.

"మస్తుందమ్మా వాయిస్. టీవీల వార్తలు చదివినట్టున్నది," అన్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకొని, గొంతు తగ్గించి, నాకేదో మేలు చేస్తున్నట్టు చెప్పాడు. "ఒక్కటే చిన్న ముచ్చట. పేరు. ఫోన్‌ల నీ పేరు చెప్తే కొంతమంది ఆడ్నే ఆగిపోతరు. నాకేం ఫరక్ లేదు, మీవాళ్లల్ల నాకు మస్తు దోస్తులున్నరు. కానీ మార్కెట్ గట్లుంది, ఏం జేస్తం? ఆఫీసు వరకు ఒక పేరు పెట్టుకుందాం."

"నా పేరుతోనే చేస్త సార్. నాతోని ఫ్లాట్లు అమ్ముడుపోకుంటే అప్పుడు చూడుండ్రి," అన్నాను.

"సినిమావాళ్లు మార్చుకోరా ఏంది?" అని నవ్వాడు. ఆలోచించుకొని చెప్తానని లేచి వచ్చాను.

మర్నాడు అదే మాట చెప్పడానికి వెళ్లాను. పని ఇస్తే నా పేరుతో ఇవ్వండి, లేకపోతే వద్దు అని బస్సులో కూర్చుని మాటలు కూడబెట్టుకున్నాను. నాకు చూపించిన బల్ల మీద అప్పటికే విజిటింగ్ కార్డుల డబ్బా ఉంది. వాటి మీద ఒక పువ్వు పేరు అచ్చేసి ఉంది. కింద నా ఫోన్ నంబరు. నేను ఒప్పుకుంటానో లేదో చూడాలని కూడా ఆయనకు అనిపించలేదు. అప్పటికి రెండు నెలలుగా పని లేదు. కూడబెట్టుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. ఆ పువ్వు పేరు మాత్రం ఇక్కడ రాయను. దాన్ని మోసింది చాలు.

పేరు ఒక్కటే అయితే ఎట్లాగో సర్దుకునేదాన్నేమో. ఒక పేరు వెనకాల ఎన్ని వస్తాయో దిగితే గాని తెలియలేదు. బొట్టు పెట్టుకోమని ఆయన నేరుగా అనలేదు. "మన ఆఫీసుల లేడీస్ జెర ట్రెడిషనల్‌గ ఉంటరు," అన్నాడు. రోజూ సంగారెడ్డిలో బస్సెక్కి ముత్తంగి దగ్గర దిగి, షేర్ ఆటోలో కూర్చున్నాక స్టిక్కరు బొట్టు పెట్టుకునేదాన్ని. సాయంత్రం మళ్లీ బస్సులో తీసేదాన్ని. బొట్టంటే నాకు కోపం లేదు. మా వీధిలో నా స్నేహితురాళ్లందరూ పెట్టుకునేవాళ్లే. నా నుదుటి మీద ఏముండాలో ఇంకొకరు చెప్పడమే నాకు సహించలేదు.

మా ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. ఆఫీసులో ఉండగా అమ్మీ ఫోన్ చేస్తే, చుట్టూ కస్టమర్లు ఉంటారు కాబట్టి "ఆఁ, చెప్పండి," అని తెలుగులో పలికేదాన్ని. మొదటిసారి ఆమె భయపడిపోయింది. ఫోన్ ఇంకెవరైనా ఎత్తారేమో అనుకుందట. కొన్నాళ్లకు అలవాటై, నేను ఫోన్ ఎత్తగానే తెలుగులో ఉన్నావా, ఇంట్లో మాటలో ఉన్నావా అని అడిగి మరీ మాట్లాడేది. నవ్వుతూనే అడిగేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. కన్నతల్లికి నేను పరాయిదానిలా జవాబు చెప్తున్నాను, అదీ ఫ్లాట్లు అమ్మడానికి. రంజాన్ నెలలో ఇంకా కష్టం. కస్టమర్లతో కూర్చుని టీ తాగకపోతే బాగుండదంటాడు ఆయన. ఉపవాసం, మా రోజా, ఉన్నానని చెప్పే వీల్లేదు. కడుపు బాగాలేదని నెలంతా చెప్పాను. పాపం ఆఫీసులో ఒకావిడ వాము నమలమని ఇంటి నుంచి పొట్లం కట్టుకొచ్చి ఇచ్చింది.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఆఫీసు ముందు పెద్ద బతుకమ్మ పేర్చి, చీరలు కట్టుకొని ఆడాలన్నారు, ఫేస్‌బుక్‌లో పెట్టడానికి ఫొటోలు తీస్తామన్నారు. నాకు బతుకమ్మ కొత్త కాదు. చిన్నప్పుడు మా పక్కింటివాళ్లతో పోయి తంగేడు పూలు తెంపుకొచ్చిన చేతులివి. వాళ్లతో కలిసి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, సార్ బిడ్డ ఎంత బాగా ఆడుతుందో అనేవాళ్లు మా వాడకట్టు ఆడవాళ్లు. అప్పుడు నా పేరుతో ఆడాను. ఇప్పుడు అదే ఆట ఇంకెవరి పేరుతోనో ఆడమంటున్నారు. నాదైనదాన్ని కూడా నాది కాకుండా చేశారు. ఆ రోజు ఫొటోలో నేను నవ్వుతూ ఉంటాను. నవ్వమంటే నవ్వాను.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను కాల్చినవి మెచ్చుకోళ్లు. "ఎంత చక్కటి తెలుగమ్మా నీది, మంచి కుటుంబం నుంచి వచ్చినట్టున్నావు," అని ఒక పెద్దాయన అన్నాడు. మంచి కుటుంబమే. మా నాన్న సాయంత్రాలు మంచం మీద కూర్చోబెట్టి పద్యాలు వల్లె వేయించిన కుటుంబం. కానీ ఆ పెద్దాయన మెచ్చుకున్నది ఆ కుటుంబాన్ని కాదు. మా నాన్న ఎవరో తెలిస్తే ఆ మెప్పు ఉండేదో లేదో నాకు తెలుసు, ఎందుకంటే మెప్పు తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. కొందరు సూటిగా అడిగేవాళ్లు, కొందరు చుట్టు తిప్పి అడిగేవాళ్లు.

"ఈ బ్లాకులో అందరూ మనవాళ్లేనా అమ్మా?"

కిటికీలోంచి దూరంగా సర్కారు కట్టిన డబుల్ బెడ్రూం ఇళ్లు వరసలుగా కనిపించేవి. వాటి వైపు చెయ్యి చూపించి, అక్కడివాళ్లు ఇటు రారు కదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. దీనికి నాకు ముందే నేర్పిన జవాబు ఉంది. "మంచి ఫ్యామిలీ ఎన్విరాన్‌మెంట్ సార్, మీరేం ఆలోచించకండి." ఆ జవాబు నా నోటితో చెప్పించారు. నన్ను నా వాకిట్లో నిలబెట్టి నేను రాకుండా నన్నే కాపలా కాయమన్నారు. ఆ వాక్యం చెప్పిన రోజు ఇంటికి వెళ్లి ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఈ పేరు సంగతి అమ్మీకి తెలుసు. నాన్నకు మాత్రం చెప్పవద్దని ఆమె నా దగ్గర మాట తీసుకుంది.

ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె తలకు స్కార్ఫు కట్టుకుంది, బడిలో టీచరట. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాను. వాళ్లకు కావలసింది మూడో అంతస్తులో తూర్పు ముఖం ఫ్లాటు. అలాంటివి ఖాళీగా ఉన్నాయి. నేను ప్లాను తీసి బల్ల మీద పరుస్తుంటే ఫోన్ మోగింది. అద్దాల క్యాబిన్‌లో కూర్చున్న మా యజమాని అక్కడి నుంచి మమ్మల్ని చూస్తూనే మాట్లాడుతున్నాడు.

"అన్నీ బుక్కయినయ్ అని చెప్పు. మంచిగ చెప్పి పంపియ్."

ఫోన్ పెట్టేశాను. అన్నీ బుక్కయ్యాయి అనడానికి ఎంతసేపు పడుతుంది?  "ఒక్క నిమిషం సార్," అని ప్లాను మడతపెట్టడం మొదలుపెట్టాను. మడతలు కూడా సరిగా పడలేదు.

ఆమె నా మొహం చూసింది, క్యాబిన్ వైపు చూసింది. భర్త వైపు తిరిగి, నాకు అర్థం కాదనుకొని, మా ఇంటి భాషలో అంది: "చలో జీ. నామ్ సున్తేచ్ ఫ్లాటాఁ ఖతం హోజాతే. ఛోరీ అచ్ఛీచ్ హై బిచారీ, ఝూట్ బోల్నా నై ఆరా ఉస్కు."

పదండి వెళ్దాం, మన పేరు వినగానే ఫ్లాట్లు అయిపోతాయి, పిల్ల మంచిదే పాపం, అబద్ధం చెప్పడం రావట్లేదు దానికి. ఇదీ ఆమె అన్నది. మా అమ్మీ మాట్లాడే మాటతో, అదే యాసతో, నా ఎదురుగా కూర్చుని, నన్ను పరాయిదాన్ని చేసి జాలిపడింది. ఆమె తప్పేం లేదు. నా మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు మీది పేరు అదే చెప్తోంది కదా. ఇల్లు ఇవ్వం అని తిప్పి పంపేస్తున్న చోట, తిప్పి పంపేదాని మీద ఆమెకు జాలి. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చినట్టయింది.

"ఖతం నై హువే ఆపా," అన్నాను. అయిపోలేదక్కా అని. "ఖాలీచ్ హై. ఆవో, దిఖాతూఁ." ఖాళీగానే ఉన్నాయి, రండి చూపిస్తాను అని.

ఇద్దరూ బొమ్మల్లా ఆగిపోయారు. ముందు ఆమె తేరుకుంది. సంచీ భుజాన వేసుకొని లేచింది. వాళ్లను తీసుకుపోయి మూడో అంతస్తు చూపించాను. వంటింట్లో గట్టు ఎక్కడ వస్తుందో, బాల్కనీలోంచి ఏం కనిపిస్తుందో, గాలి ఇటు తిరిగిన రోజుల్లో పటాన్‌చెరు వైపు నుంచి రసాయనాల వాసన వస్తుందన్న సంగతితో సహా అంతా చెప్పాను. ఆ వాసన సంగతి కస్టమర్లకు చెప్పకూడదని మాకు ఆర్డరు. మెట్లు దిగుతుంటే ఆమె నా పేరు అడిగింది. చెప్పాను. ఆ బిల్డింగులో నా పేరు పలకడం అదే మొదటిసారి. ఆమె ఆ పేరును ఒకసారి తిరిగి పలికి, ఊరేది, నాన్నేం చేస్తారు అని అడిగింది. ఆ మెడలో కార్డేంటని మాత్రం అడగలేదు.

కిందికి వచ్చేసరికి యజమాని రిసెప్షన్‌లో నిలబడి ఉన్నాడు. నవ్వు మొహంతోనే ఉన్నాడు.

"సారీ సార్, ఆ ఫ్లాట్లు హోల్డ్‌ల పెట్టినం. మా మేడమ్‌కు తెల్వదు."

"మేడమ్‌కు అన్నీ తెలుసండి," అన్నాడు ఆ ఇంజనీరు, కోపం లేకుండా. ఇద్దరూ స్కూటర్ ఎక్కి వెళ్లిపోయారు. వాళ్లకు ఆ ఫ్లాటు రాలేదు. నేను చేసింది వాళ్లకేమీ పనికి రాలేదు, అది నాకు తెలుసు.

యజమాని నన్ను క్యాబిన్‌లోకి రమ్మన్నాడు. పువ్వు పేరుతోనే పిలిచాడు.

"నువ్వు గిట్ల చేస్తవనుకోలే," అన్నాడు.

"నా పేరు అది కాదు సార్."

"ఇప్పుడు పేరు ముచ్చట కాదు ఈడ."

"అదే ముచ్చట సార్."

ఆయన కొంచెంసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "నిన్ను బిడ్డ లెక్క చూసుకున్న. ఇన్ని రోజులల్ల ఈ ఆఫీసుల నిన్నెవరన్న ఒక్క మాటన్నరా?"

"నన్నెవరూ అనలే సార్. నేను ఈడ ఉన్నట్టు ఎవరికీ తెల్వనే తెల్వదు. ఎట్లంటరు?"

"గట్ల తీస్కోకమ్మా. నిన్ను చూస్తే ఎవరికన్న అట్లనిపిస్తదా? అందుకే కదా తీసుకున్న."

"ఎట్లనిపిస్తది సార్?"

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నేను ఆగాను, నిజంగానే వినాలనుకున్నాను. నేను ఎట్లా కనిపిస్తే ముస్లింలా కనిపించినట్టు? నోట్లో పాన్ ఉండాలా, తెలుగు తప్పులు పోవాలా, బెదిరి మూలకు నిలబడాలా? ఆయన మనసులో ఒక బొమ్మ ఉంది, దానికి నేను సరిపోలేదు. సరిపోనందుకు నాకు ఉద్యోగం దొరికింది. అది నాకు దక్కిన గౌరవమని ఆయన నిజాయితీగా నమ్మాడు. ఆయన చెడ్డవాడైతే ఇంత కోపం వచ్చేది కాదు. నా జ్వరానికి సెలవిచ్చిన మనిషి, ఆటో దొరకని రోజు తన కారులో ముత్తంగి వరకు దింపిన మనిషి. ఆ మంచితనమంతా పువ్వు పేరున్న అమ్మాయికి. నాకు కాదు.

"ఇంటికి పోయి ఆలోచించుకో. సోమవారం రా," అన్నాడు చివరికి.

టిఫిన్ డబ్బా తీసుకొని బయటికి వచ్చేశాను. ఆ రోజు బస్సెక్కేదాకా కూడా ఆగలేదు. ఆటోలోనే బొట్టు తీశాను, పక్కన కూర్చున్న ఆడమనిషి వింతగా చూసింది. చూడనీ అనుకున్నాను.

మా నాన్నను మేము అబ్బా అంటాం. ఆయన ఇంట్లో మాతో దక్కనీలోనే మాట్లాడేవారు. తెలుగులోకి దిగారంటే అది పాఠమైనా అయి ఉండాలి, కోపమైనా అయి ఉండాలి. ఆ సాయంత్రం అమ్మీ వద్దని సైగ చేస్తున్నా ఆయన ముందు కూర్చుని అంతా చెప్పేశాను. బొట్టు, వాము పొట్లం, బతుకమ్మ, ఆ భార్యాభర్తలు, అన్నీ. ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకొని విన్నారు. తర్వాత తెలుగులో అడిగారు.

"పేరు ఎవరు పెట్టిండ్రు?"

"సారే పెట్టిండు అబ్బా."

"పేరు పెట్టెటందుకు ఆయన నీకు ఏమైతడు?"

 ఆయన లేచి వాకిట్లోకి పోయారు, మళ్లీ లోపలికి వచ్చారు. వాకిలి తలుపు దబ్బున వేశారు. బడిలో పిల్లలు అల్లరి చేసినా గొంతు పెంచని మనిషి.

"నా సర్వీసంత నన్ను తెలుగు సార్, తెలుగు సార్ అన్నరు," అన్నారు. "తోటి టీచర్లందర్నీ పేర్లు పెట్టి పిలిచేటోళ్లు. నన్ను మాత్రం తెలుగు సారే. గౌరవం అనుకున్న. గౌరవమే కావచ్చు. కానీ నా పేరు ఆ బడిల ఎంతమందికి తెలుసో నాకిప్పటికీ తెల్వది." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకొని, "నేను ఎన్నడూ అడగలే. నువ్వు అడిగినవ్, మంచిగ చేసినవ్," అన్నారు.

ఆ మాట విని నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఇంకా మండింది. నాకొక్కదానికే జరిగిందనుకున్నది ఆయనకు ఒక జీవితకాలం జరిగింది, దాని మీద పూలదండ కూడా వేసి పంపించారు. రిటైర్మెంటు రోజు కప్పిన శాలువా మా ఇంట్లో ఇంకా ఉంది. సోమవారం నేను ఆ ఆఫీసుకు వెళ్లలేదు.

కొన్ని నెలలు పోయాక నా ఫోన్‌కు కొత్త నంబరు నుంచి కాల్ వచ్చింది. అవతల ఆడపిల్ల గొంతు. "నమస్తే మేడమ్, కొల్లూరు నుంచి మాట్లాడుతున్నాను," అని మొదలుపెట్టి తన పేరు చెప్పింది. అదే పువ్వు పేరు. క్లబ్ హౌస్, పిల్లల పార్కు, ఇరవై నాలుగు గంటల నీళ్లు. నేను చెప్పిన మాటలే, నేను ఆగిన చోటే ఆగుతూ చెప్తోంది. మధ్యలో ఆపాను.

"నీ అసలు పేరేందమ్మా?" అని అడిగాను.

 పెట్టేస్తుందనుకున్నాను. తర్వాత చాలా చిన్నగా, ఎవరో వింటారన్నట్టు, ఒక ఊరి దేవత పేరు చెప్పింది. మా వైపు పాతకాలం ఇళ్లలో ముసలమ్మలకుండే పేరు. "పల్లెటూరి పేరు లెక్కుందని సార్ మార్చిండు మేడమ్," అంది. "మీకెట్ల తెలుసు?"

చెప్పేలోపే ఫోన్ కట్టయింది. వెనకాల ఎవరో వచ్చి ఉంటారు. నేను తిరిగి చేయలేదు, ఆ పిల్ల పనికి ఇబ్బందవుతుందని. ఇన్నాళ్లూ నా పేరు మతం వల్ల పోయిందనుకున్నాను. ఆ పిల్ల మతం ఆయన మతమే. ఆమె పేరూ పనికి రాలేదు. ఆ ఆఫీసుకు ఎవరిదో ఒకరిది గొంతు కావాలి, చెయ్యి కావాలి, నవ్వు మొహం కావాలి. వాటి వెనక మనిషి రావడం మాత్రం వద్దు. నా స్థానంలో కూర్చున్న ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ కార్డులు అచ్చేయించినవాడి మీద కోపం రెట్టింపైంది.

ఇప్పుడు సంగారెడ్డిలో ఒక డాక్టరమ్మ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. పేషెంట్ల పేర్లు పిలవడం, లోపలికి పంపడం, ఫోన్లు ఎత్తడం నా పని. చేరిన రోజు డాక్టరమ్మ ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండా, "నీ పేరు ఎట్ల రాద్దామమ్మా బ్యాడ్జి మీద?" అని అడిగింది.

నాకేమైందో తెలియదు. "నా పేరే రాయాలె మేడమ్," అన్నాను. బయట కూర్చున్న పేషెంట్లకు కూడా వినిపించేంత గట్టిగా అన్నాను. "మా నానమ్మ పెట్టిన పేరు. ఇంకో పేరు పెడితే నేను చెయ్య. ఇప్పుడే చెప్తున్న."

ఆమె తల ఎత్తి, పెన్ను ఆపి, నన్ను చాలాసేపు చూసింది.

"స్పెల్లింగ్ అడిగిన్నమ్మా," అంది.

నాకు సిగ్గేయలేదు. ఒక్కొక్క అక్షరం చెప్పాను, ఆమె రాసుకుంది. రెండోసారి సరిచూసుకొమ్మని కూడా చెప్పాను.